బతికున్నవాడి ఇంటికి వచ్చిన చాపలు

కూతురు లోసలీన వస్తోందని కెలేపి వరండాలో అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. పదిహేనేళ్ళుగా టోంగావాళ్ళ పెళ్ళి ఏ దేశంలో జరిగినా లోసలీన పాట లేకుండా జరగలేదు. పాటతో పాటు అందరూ తలుచుకునేది ఆమె జుట్టునే. నడుము దాటి, కొబ్బరినూనెతో నిగనిగలాడే జుట్టు. నిండైన మనిషి.

పక్కింటి మాలకై ఫోన్ పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, అక్క విమానం దిగుతుంటే ఎవరో ఫొటో తీసి పెట్టారు. నాకైతే అక్కలా లేదు."

కెలేపి తీసుకుని చూశాడు. టోపీ జారిన తల. అర అంగుళం జుట్టు. చర్మం కింద దవడ ఎముకలు.

"కింద ఏం రాశారు?"

"ఎందుకులే."

"చదువు," అని కెలేపి ఫోన్ తిరిగిచ్చాడు.

"'తెల్లవాళ్ళ తిండి తిని పుల్లయిపోయింది.' 'బుగ్గలు కోయించుకుంది.' 'మేం పాట విన్నది జుట్టున్న మనిషిది, ఈవిడెవరు?'" మాలకై ఆగాడు. "ఇంకొకరు, 'పాపం, వాళ్ళ నాన్న పోయాడు' అని రాశారు. దాని కింద వందల మంది ప్రార్థనలు పెట్టారు. నువ్వు పోయావు బాబాయ్."

కెలేపికి నవ్వొచ్చింది. తండ్రి పోతే కూతురి జుట్టు మేనత్త కత్తిరించడం వాళ్ళ ఆచారం. పైగా తను పోయిన నెల ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. జనం అలా అనుకోవడంలో వింతేమీ లేదు.

నవ్వు మధ్యలోనే ఆగింది. తను ఉన్నాడు కదా. మరి ఆ జుట్టు ఏమైంది?

అంతలో గేటు ముందు వ్యాను ఆగింది. నల్లబట్టలు కట్టి, సంతాపానికి గుర్తుగా నడుముకి చిరుగుల చాపలు చుట్టుకున్న ఆడవాళ్ళు దిగారు. చనిపోయిన తన భార్య ఊరివాళ్ళు. చావింటికి పెట్టే కొత్త చాపలు చుట్టలుగా మోసుకుంటూ, కీర్తన పాడుతూ లోపలికి వచ్చారు. ముందు నడుస్తున్న టెలేసియా ఒక చెంపన నురగతో ఉన్న కెలేపిని చూసి నిలబడిపోయింది. వెనకవాళ్ళు ఆమెకు తగులుకున్నారు. కీర్తన ఒక్కొక్క గొంతులో ఆగింది.

"కెలేపీ, నువ్వు..."

"ఉన్నానమ్మా. కూర్చోండి."

"దారంతా ఏడ్చుకుంటూ వచ్చాం," అంది వెనకనుంచి ఒకావిడ. "ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆ ఏడుపు దాచుకోండి. ఎప్పటికైనా పనికొస్తుంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే టెలేసియా, "మరి ఆ పిల్ల తల..." అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకే ఆలోచన ఒక మొహం నుంచి ఇంకో మొహానికి పాకడం కెలేపి చూశాడు. అది తన దగ్గరికి ముందే వచ్చింది.

విమానాశ్రయానికి వెళ్ళిన తన అక్క సులియేటి కారు అప్పుడే వచ్చింది. లోసలీన దిగి, తలుపు పట్టుకుని నిలబడింది. ఆ తలుపే ఆమెను మోస్తున్నట్టుంది. నల్లబట్టలు చూసి తండ్రి కోసం వెతుక్కుంది. ఆయన కనబడ్డాక కళ్ళు దించుకుంది. గుంపులో ఒక చెయ్యి ఫోన్ ఎత్తింది.

"దించు," అంది సులియేటి. "దాని జుట్టు నేనే తీయించాను. మా తమ్ముడు లోపెటి పోయినప్పుడు కరోనాకి విమానాలు లేక ఇది రాలేకపోయింది. చిన్నాన్న మాత్రం తండ్రి కాదా? అప్పుడు జరగాల్సింది ఇప్పుడు జరిగింది."

"ఒళ్ళు కూడా బాగా..." అని ఎవరో గొణిగారు.

"దిగులు. ఇంకేమైనా అడగాలా?"

లోపెటి పోయి నాలుగేళ్ళయింది. సులియేటి చెప్పింది ఎవరూ నమ్మలేదు. కానీ చావు విషయంలో మేనత్త మాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఆ దీవిలో లేరు.

"అవునవును," అంది టెలేసియా మెల్లగా. "చిన్నాన్నా తండ్రే." వెళ్ళి లోసలీన చెంపకు చెంప ఆనించింది. టోపీ వైపు చూడలేదు.

"ఈ చాపలు మరి? తెచ్చినవి వెనక్కి తీసుకెళ్ళకూడదు కదా," అంది ఇంకొకావిడ.

"తీసుకెళ్ళండి," అంది సులియేటి. "ఈ ఇంట్లో వాటికి పని లేదు."

ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత చుట్టలు భుజాలకెత్తుకుని వ్యాను వైపు నడిచారు.

సులియేటి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాలకై కూడా చెప్పకుండానే లేచి వెళ్ళాడు. లోసలీన తండ్రి కంటే ఒక మెట్టు కింద కూర్చుంది.

"లోపెటి కోసమేనా?" అన్నాడు కెలేపి.

"కాదు నాన్నా."

"వైద్యం అయిందా?"

"ఆపేశారు." టోపీ కిందకి లాక్కుంది. "ఇంక లాభం లేదన్నారు. నీకు చెప్పకుండా నాలుగు రోజులు మామూలుగా ఉండి వెళ్దామనుకున్నా."

"ఎక్కడికి వెళ్తావు?"

ఆమె మెట్టు మీది ఇసుకని వేలితో పక్కకి తోసింది.

"జనం రాసినవి చదివావా?"

"అన్నీ. నువ్వు పోయావని రాసినవాళ్ళే నయం నాన్నా. వాళ్ళకి కనీసం ఏడుపొచ్చింది."

సులియేటి కొబ్బరిపాలలో ఉడికించిన చేప తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్ళింది. లోసలీన టోపీ తీసి పక్కన పెట్టుకుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని మింగలేక చాలాసేపు అలాగే ఉంచుకుంది.

కెలేపి మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆమె తినడం అయిందని చెప్పేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు.