కిటికీలో తోపు

స్వరూపకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. లోపల గడియ పెట్టి ఉండగా తాను పడిపోతే, రెండున్నరేళ్ల మున్నీ ఆ గదిలో ఒక్కతే మిగిలిపోతుంది. ఎవరికీ తెలియదు.

గడియ పెట్టక తప్పదు. మాదన్నపేట మార్కెట్ వెనక సందులో మేడమీది గది. మెట్లకు పక్కగోడ లేదు. తలుపు ఓరగా ఉంటే చాలు, మున్నీ మెట్ల మీద తేలుతుంది. భర్త ప్రేమ్‌రాజ్ లారీ మీద పోతే వారానికో పదిరోజులకో వస్తాడు.

ఏడో తరగతిలో చదువు మానిపించాక స్వరూప లాడ్ బజార్‌లో లక్క గాజులకు రాళ్లు అద్దింది. మున్నీ పుట్టాక అది సాగలేదు. ఆ దుకాణం వాళ్లబ్బాయి మనీష్‌కు అరచేతిలో పట్టేంత యుద్ధ ట్యాంకుల బొమ్మలంటే పిచ్చి. ముక్కలన్నీ తానే అతికిస్తాడు గానీ, రంగు వేయబోతే చెయ్యి వణుకుతుంది. "నీది గట్టి చెయ్యి అక్కా" అని రంగు వేయడానికి వాటిని తెచ్చి ఇచ్చాడు. డబ్బాలోని ఇంగ్లీషు కాగితం ఆమె చదవలేదు. రంగు సీసా మీది నంబరూ కాగితంలోని బొమ్మ మీది నంబరూ కలుపుకుంటూ పోయింది.

మొదటి ట్యాంకును గాజులా మెరిపించింది. చక్రాలకు వెండిరంగు, ముందుకు పొడుచుకొచ్చే తోపు గొట్టానికీ అంచులకూ సన్నటి బంగారు గీతలు.

మనీష్ తల పట్టుకున్నాడు. "అక్కా, గిది లడాయికి పోయే బండి. పెండ్లి బరాత్‌ల తిప్పుతమా?"

దాన్ని ఆమెకే వదిలేశాడు. ఆ తర్వాతివాటికి బురద పట్టినట్టు రంగు వేయడం నేర్చుకుంది. మట్టిరంగు నీళ్లు సందుల్లోకి వదిలి, పైన గుడ్డతో తుడవాలి. స్పాంజి ముక్కతో తుప్పు మచ్చలు అద్దాలి. ఆరేదాకా స్టీలు గిన్నె బోర్లించాలి, లేకపోతే నిజం దుమ్ము పడి అంతా పాడు. అంత ఓపికగా వేసిన కొత్త రంగును చేతులారా పాతబరచడానికి మొదట్లో ప్రాణం ఒప్పలేదు. బాగా కుదిరిన రోజు ఎవరికైనా చూపించాలనిపించేది. గదిలో మున్నీ తప్ప ఎవరున్నారు? "బండి" అనేది మున్నీ. అంతే.

ఒక మధ్యాహ్నం మూడు గంటలసేపు తల వంచి పనిచేసి లేచేసరికి కళ్లు తిరిగాయి. తెలివి వచ్చేటప్పటికి నేలమీద ఉంది. మున్నీ పక్కన కూర్చుని తల్లి పాదానికి ఆకుపచ్చ రంగు వేస్తోంది. వేళ్ల నుంచి మడమదాకా పూర్తయింది. అంటే ఎంతసేపు!

సందుకు అవతలి కిటికీలో పొద్దంతా కూర్చునే వరమ్మకు మర్నాడు చెప్పుకుంది. పప్పుల దుకాణం వాళ్ల పెద్దావిడ.

"కిటికీల పెట్టినవు గదనే నీ బరాత్ బండి? పొద్దుగాల లేవంగనే దాని తోపు నా దిక్కు తిప్పు. పండేటప్పుడు గోడ దిక్కు. ఎనిమిదైనా నా దిక్కు లేకపోతే నేనే వస్త."

"గా మోకాళ్లతోని మెట్లెక్కుతరా పెద్దమ్మా?"

"మోకాళ్లు నావి. ఫికర్ నీకెందుకే?"

ఆ రోజు నుంచి తెల్లారగానే కిటికీ చువ్వల మధ్య నుంచి తోపు బయటికి వచ్చేది. "ఏందే, మొఖం కడగకముందే నా ఇంటి మీద లడాయి వెట్టినవ్?" అనేది వరమ్మ. ఆ ఒక్క మాటతో స్వరూపకు రోజంతా గడిచేది.

ఒకసారి ఆ బండికి వార్నిష్ పూసి, తోపు గోడవైపు ఉండగానే ఆరబెట్టింది. పొద్దున చూస్తే తోపుతో పాటు తిరిగే తల కాస్తా అతుక్కుపోయింది. గట్టిగా తిప్పితే విరిగేటట్టుంది, బండినే తిప్పుదామంటే కిటికీ గట్టు ఇరుకు. బల్లమీదికి తెచ్చి బ్లేడుతో సందు గీస్తూ టైం మరిచిపోయింది. కిటికీ ఖాళీగా ఉందన్న ధ్యాసే లేదు.

తలుపు దడదడలాడింది. తీస్తే గసపోస్తూ వరమ్మ, వెనక గునపంతో వడ్రంగి దుర్గయ్య.

"బతికే ఉన్నవా?"

"వార్నిష్ అంటుకుంది పెద్దమ్మా..."

"అంటుకుందా! నా పానం పోయింది గదనే!"

"ఇగ తలుపు పలగ్గొట్టాల్నా, వద్దా?" అన్నాడు దుర్గయ్య.

స్వరూప పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఆమెకే తెలియదు. పిలవకుండానే తనకోసం ఒక మనిషి మెట్లెక్కి వచ్చింది.

ఆ మెట్లు ఎక్కి దిగిన వరమ్మ మోకాలు మళ్లీ కుదుటపడలేదు. నెల తిరగకముందే కొడుకు వైకుంఠం తల్లిని ఊరవతల లిఫ్టు ఉన్న ఫ్లాటుకు తీసుకుపోయాడు. ఎదుటి కిటికీ రెక్కలు మూతపడ్డాయి. "దినాం ఫోన్ చేస్త తీ" అన్నాడు ప్రేమ్‌రాజ్. రెండు రోజులు చేశాడు. ఆ తర్వాత లారీ ఏ ఘాట్ రోడ్డు ఎక్కిందో, ఫోన్ కలవలేదు.

స్వరూప ఇప్పటికీ లేవగానే తోపును ఆ మూసిన కిటికీ వైపే తిప్పుతుంది. బరాత్ బండి మీద దుమ్ము పేరుకుంది, కుంచెతో ఎంత కష్టపడినా రానంత నిజమైన దుమ్ము. తుడవబుద్ధి కాదు.

మాదన్నపేటకు కూరగాయలకు పోయేవారు ఒక్కసారి మార్కెట్ వెనక సందులోకి తిరగండి. తల ఎత్తితే మేడమీది కిటికీలో బంగారు గీతల చిన్న ట్యాంకు కనిపిస్తుంది. ఎనిమిది దాటినా తోపు చువ్వల బయటికి రాకపోతే, గోడవైపు ఒదిగి మెట్లెక్కి తలుపు కొట్టండి. లోపల పాప గొంతు వినబడిందని తిరిగిపోకండి. తల్లి పలికేదాకా కొట్టండి.