కిటికీ గట్టు మీద దుమ్ము

ఆర్లీన్ కిస్లర్ రోజూ పొద్దున్నే కాఫీకి నీళ్లు పెట్టి, వంటగది కిటికీ తెరిచి, బయటి గట్టు మీద చూపుడువేలు పెట్టి గీస్తుంది. వేలికి దుమ్ము అంటితే సిమెంటు కంపెనీకి ఫోను చేస్తుంది. అంటకపోతే చెయ్యదు. క్వారీ వీధికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ తప్పని నియమం ఇది. ఫ్యాక్టరీ వాళ్లు ఆవిణ్ణి లోలోపల ఎంత తిట్టుకున్నా, ఆ ముసలావిడ అబద్ధం చెబుతుందని మాత్రం ఒక్కడూ అనలేదు.

గొడవంతా క్లింకర్ కుప్ప గురించి. సిమెంటుగా పొడి చెయ్యకముందు బట్టీలోంచి వచ్చే బూడిదరంగు గుండ్లవి. వాటిని ఆరుబయట కొండలా పోసేవారు. గాలి వీచిందంటే ఆ దుమ్మంతా వీధి మీదా, పక్కనే పిల్లలు బేస్‌బాల్ ఆడుకునే మైదానం మీదా పడేది. కుప్పకి షెడ్డు వెయ్యండని ఆవిడ భర్త ఎల్వుడ్ బతికున్నన్నాళ్లూ అడిగాడు. కంపెనీ వాళ్లు కార్లు కడిగించుకోమని కూపన్లు పంచేవారు. "ఊపిరితిత్తులు కడిగే చోటు ఎక్కడుందో దానికీ ఓ కూపనివ్వండి" అని ఎల్వుడ్ అంటే నవ్వేసి ఊరుకునేవారు.

ఎల్వుడ్ పోయాక కాలం మారింది. టీచర్ల పెన్షన్ డబ్బు తెచ్చి కంపెనీలో పెట్టిన పెద్దమనుషులు, సిమెంటు కొనే బిల్డర్లు, "మీ చుట్టుపక్కల జనం మీ గురించి ఏమంటున్నారు?" అని ఏటా ఆరా తీసి మార్కులు వెయ్యడం మొదలెట్టారు. ఇన్నేళ్లూ మూసుకుపోయిన చెవులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఇరుగుపొరుగు సంఘమని ఒకటి పుట్టింది. నెలకోసారి ఫైర్ స్టేషన్ హాల్లో సమావేశం, డోనట్లు, కాఫీ. దాన్ని నడపడానికి డెస్మండ్ ప్రూవిట్ అనే అతన్ని కుదుర్చుకున్నారు.

డెస్మండ్ అంతకుముందు కాగితం మిల్లులో ఇదే పని చేశాడు. దానికి ముందు కూల్‌డ్రింకుల కంపెనీలో. సరుకు మారినా పని మారదు. కోపంగా ఉన్నవాళ్ల ఎదురుగా కూర్చుని తలాడించాలి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి, ఊరు చల్లబడ్డాక ఇంకో ఊరికి పోవాలి. పెళ్లాం ఎప్పుడో విడిపోయింది. అతను ఉండేది మోటెల్ గదిలో.

కంపెనీ సంఘాన్ని పెట్టిన చేత్తోనే వీధిలో ఇళ్లు కొనడం కూడా మొదలెట్టింది. మంచి ధరే ఇచ్చింది, అది కాదనకూడదు. ఒక్కొక్కరే అమ్ముకుని పోయారు. చివరి ఏడాది సమావేశమంటే ఆర్లీన్, డెస్మండ్, బోలెడు ఖాళీ కుర్చీలు. షెడ్డు సంగతి కాఫీ చల్లారేలోపే అయిపోయేది. ఆ తర్వాత అతను కూతురి కబుర్లు చెప్పేవాడు. చలికాలంలో ఆవిడ బక్‌వీట్ అనే ఓ ధాన్యం పిండితో అట్లు పోసి, వేడి తగ్గకుండా తువ్వాల్లో చుట్టి తెచ్చేది. నెలలో ఆ ఒక్క సాయంత్రమే ఆర్లీన్ లిప్‌స్టిక్ వేసుకునేది.

కిందటి శరదృతువులో షెడ్డు లేచింది. అంత పెద్ద రేకుల షెడ్డుని కంచె దగ్గర నిలబడి చూస్తూ ఆర్లీన్ ఏడ్చింది. ఫిర్యాదులు ఆగిపోయాయి, కంపెనీకి నిండా మార్కులు పడ్డాయి, సంఘాన్ని మూసేశారు. ఒకవేళ ఫిర్యాదు వస్తే చూడ్డానికని డెస్మండ్‌ని మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచారు. షెడ్డు బొమ్మ గీసిన కేకు ఒకటి ఆవిడ ఇంటికి పంపారు. ఒంటరి మనిషికి అంత కేకు ఎందుకో వాళ్లకే తెలియాలి. సగం పిచ్చుకలకి వేసింది.

చలికాలం గడిచింది. రోజూ వేలు శుభ్రంగానే వచ్చేది. అడిగింది దొరికింది, దొరికిందని చెప్పుకోవడానికే ఎవరూ లేరు. టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడికి తప్ప ఆ వారమంతా తను ఎవరికీ జవాబు చెప్పలేదని ఏప్రిల్‌లో ఓ పొద్దున ఆవిడకి తట్టింది. తట్టగానే భయం వేసింది. ఆ భయంలోనే లేచి, బక్‌వీట్ పిండి డబ్బా తీసి, బూడిదరంగు పిండిని చిటికెలతో కిటికీ గట్టు మీద చల్లి ఫోను చేసింది.

ఫిర్యాదు వస్తే ఆ రోజే మనిషి వచ్చి, తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. నిజమేనని తేలితే సంఘం మళ్లీ ఏడాదిపాటు కూర్చోవాలి. కంపెనీ రాసుకున్న రూలే అది.

మధ్యాహ్నానికి డెస్మండ్ వచ్చాడు.

"ఏంటి ఆర్లీన్ గారూ, మళ్లీ మా మీద పడ్డారా?"

"మీదపడక? నేను పోయాననుకుని టపాకాయలు కాల్చేస్తారని భయమేసింది. కాళ్లు తుడుచుకుని రా."

అతను నవ్వుతూనే గట్టు దగ్గరికి వెళ్లి, గుడ్డ తీసి, ఆగిపోయాడు. వేలితో కాస్త పిండి తీసి వాసన చూశాడు. తర్వాత నాలుక మీద పెట్టుకున్నాడు.

"మా సిమెంటు ఇంత కమ్మగా ఉండదండీ."

ఆర్లీన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక ఇలా దొరికిపోవడం ఇదే మొదటిసారి.

"కాఫీ తాగుతావా?" అంది.

ఇద్దరూ కూర్చున్నారు. డెస్మండ్ కప్పు పట్టుకున్నాడే గానీ తాగలేదు.

"సోమవారం జార్జియా పోతున్నానండీ. కోళ్ల ఫ్యాక్టరీ. అక్కడ వాసన గొడవట."

"ఇంత తొందరగానా?"

"ఇక్కడ పని అయిపోయింది కదా." ఫిర్యాదు కాగితం మడత విప్పి, తల ఎత్తకుండానే అన్నాడు. "ఇది చూసి తేల్చాల్సింది నేనే. సిమెంటేనని రాసేస్తే సరి. సంఘం మళ్లీ మొదలవుతుంది. నన్నూ ఇక్కడే ఉంచుతారు."

"అబద్ధం రాస్తావా?"

"ఎన్ని ఊళ్లు తిరిగానో నాకే గుర్తులేదు ఆర్లీన్ గారూ. నాకు అట్లు పోసిన ఊరు మాత్రం ఇదొక్కటే."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. సరేనంటే చాలు. నెలనెలా హాలు, కాఫీ, లిప్‌స్టిక్, కబుర్లు. అన్నీ మళ్లీ వస్తాయి. కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. బడి వదిలిన పిల్లలు తెల్ల పంట్లాములు మాపుకుంటూ బేసుల చుట్టూ పరిగెడుతున్నారు. వాళ్లలో ఒక్కరి పేరూ ఆవిడకి తెలియదు.

"వద్దు" అంది.

"ఎవరికీ తెలియదండీ."

"మనిద్దరికీ తెలుసుగా, చాలదూ? రేపు ఆ షెడ్డు రేకు ఊడి నిజంగానే దుమ్ము లేచిందనుకో. ఫోను చేసేటప్పుడు నా గొంతు తడబడుతుంది. ఈ వీధిలో ఆ పిల్లల కోసం ఫోను చెయ్యడానికి నేనొక్కదాన్నే మిగిలాను నాయనా. ఎల్వుడ్ మాట ఎవరూ వినిపించుకోలేదు గానీ, అబద్ధమని మాత్రం ఎవడూ అనలేదు."

"మరి ఏం రాయమంటారు?"

"ఉన్నదే రాయి. ఒంటరిగా ఉండలేక ముసల్ది పిండి చల్లిందని రాయి. దానికి అందులో ఏమైనా గడి ఉందా?"

డెస్మండ్ కాగితమంతా పైనుంచి కిందిదాకా చూశాడు, నిజంగానే ఉందేమోనన్నట్టు.

"లేదండీ."

"అయితే దుమ్ము లేదని రాయి."

రాశాడు. కప్పు కడిగి బోర్లించాడు. తెల్లగుడ్డతో గట్టు మీది పిండి తనే తుడిచాడు. వెళ్లేటప్పుడు ఆవిడ పిండి డబ్బా అతని చేతిలో పెట్టి, జార్జియాలో దొరుకుతుందో దొరకదో అంది. ఫోను చేస్తానన్నాడు. చేస్తాడేమో కూడా, మంచివాడే.

మంగళవారం పొద్దున ఆర్లీన్ కాఫీకి నీళ్లు పెట్టి, కిటికీ తెరిచి, గట్టు మీద వేలు పెట్టి గీసింది. ఏమీ అంటలేదు. చెయ్యి లోపలికి తీసుకుని, ఆ వేలిని అలాగే పైకెత్తి పట్టుకుని, ఎవరికైనా చూపించాలన్నట్టు వంటగదిలో కాసేపు నిలబడింది.