జెస్సీ పెళ్లి జాకెట్టు

పెళ్లి ఇంకా పదిరోజులుందనగా గుంటూరు నుంచి పెళ్లిబట్టలు వచ్చాయి. పెళ్లికూతురి తెల్లచీర, దాని మీదికి జాకెట్టు మగపెళ్లివారే కుట్టించి పెట్టడం వాళ్ల చర్చి సంఘంలో ఆనవాయితీ. జెస్సీ ముచ్చటగా జాకెట్టు తొడుక్కోబోయింది. అది మోచేతి దాకా వెళ్లి అక్కడే మొరాయించింది. ఆ పైన ఎంత లాగినా కుట్లు పటపటమన్నాయే తప్ప గుడ్డ ఒక్క అంగుళం జరగలేదు.

జెస్సీ పొదిలి దగ్గర హైస్కూల్లో డ్రిల్లు టీచరు. కాలేజీలో షాట్‌పుట్ విసిరి కప్పులు తెచ్చుకున్న పిల్ల. వెడల్పాటి భుజాలు, దిట్టమైన చేతులు. ఈ చేతులకు ఇంత చిన్న జాకెట్టు ఎవరు కుట్టారా అని ఆమె బిత్తరపోతుంటే, తల్లి వీరమ్మ మాత్రం గోడనున్న క్యాలెండరు వంక శ్రద్ధగా చూస్తోంది. తప్పు చేసినవాళ్ల చూపులు ఎక్కడెక్కడ తిరుగుతాయో డ్రిల్లు టీచరుకు వేరే చెప్పాలా? నాలుగు మాటల్లో గుట్టు బయటపడింది. కొలత కోసం ఆది జాకెట్టు పంపమని మగపెళ్లివారు అడిగితే, జెస్సీ ఇంటర్లో వేసుకున్నది పెట్టె అడుగు నుంచి తీసి పంపిందట. ఇప్పటిది పంపితే పిల్ల ఇంత లావా అని గుంటూరులో నవ్వుకుంటారట.

పెళ్లిచూపులకు వచ్చి, ఎదురుగా కూర్చుని కాఫీ తాగి వెళ్లినవాళ్లకు పిల్ల ఎంత ఉందో తెలియదా? వీరమ్మ ఆ మాట దాటేసింది. ఉపాయాలు మాత్రం బోలెడు చెప్పింది. ఈ పదిరోజులూ రాత్రిపూట అన్నం మానెయ్యమంది. చంకల్లో ముక్క వేయిద్దామంది. ఎలాగూ నెత్తిన ముసుగు ఉంటుంది కాబట్టి దాన్నే భుజాల మీదికి లాగి పిన్నులు పెడితే ఏమీ కనబడదంది.

జెస్సీకి కోపం కన్నా బాధ ఎక్కువైంది. దాక్కోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. గ్రూపు ఫొటోల్లో వెనక వరసలో నిలబడేది. చుట్టాల పెళ్లిళ్లలో ఉడికిపోతున్నా చేతుల మీంచి చున్నీ తీసేది కాదు. తన పెళ్లిలో, దేవుడి ఎదుట, పెళ్లికొడుకు మార్క్ పక్కన కూడా అలాగే ముడుచుకుని నిలబడాలా? నిలబడనని అక్కడికక్కడే తేల్చుకుంది.

మర్నాడు ఆ బట్టలు తీసుకుని, తల్లిని వెంటబెట్టుకుని ఒంగోలు బస్సెక్కింది. అక్కడ మీరావలి అనే టైలరు ఆమెకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు. ఆయన చీరను వేళ్ల మధ్య నలిపి చూసి పెదవి విరిచాడు. బిరుసు నెట్టు చీర పొంగి నిలబడుతుంది, ఉన్న మనిషిని రెండింతలు చేస్తుందన్నాడు. ఆ జాకెట్టుకున్న బుట్టచేతులు, మెడ దాకా కుచ్చులు సన్నటి పిల్లలకు అందమట. జెస్సీకి కావలసింది ఒంటిమీద జారే మెత్తటి క్రేపు, కాస్త కిందికి కోసిన మెడ, మోచేతి దాకా సాదా చేతులు.

"భుజాలు దాచుకుంటే మనిషి గూనిగా కనబడుద్దమ్మా. నువ్వు నిటారుగా నిలబడే పిల్లవి, అట్లాగే కనబడు," అన్నాడు.

జాకెట్టు ఒక్కటే అయితే గుట్టుగా కుట్టించుకోవచ్చు. చీరే మార్చాలంటే మాత్రం మగపెళ్లివారికి చెప్పక తప్పదు. వీరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. ఆది జాకెట్టు సంగతి తెలిస్తే వాళ్ల ముందు తలెత్తుకోలేనని, సంబంధానికే ఎసరొస్తుందేమోనని బతిమాలింది. జెస్సీకీ ఆ భయం లేకపోలేదు. అయినా కాబోయే అత్తగారు రాహేలమ్మకు ఫోను కలిపింది.

"అత్తయ్యగారూ, అమ్మ పంపిన ఆది జాకెట్టు నా ఇంటరప్పటిదండి. నేను లావని మొహమాటపడి అది పంపింది. మీరు కుట్టించింది నాకు పట్టలేదు. చీర కూడా నా ఒంటికి నప్పదండి. మెత్తటిది తీసుకుని నా కొలతకే కుట్టించుకుంటాను."

వీరమ్మ కళ్లు మూసుకుంది.

"ఇప్పటిది కాదని చూడగానే అనుకున్నానమ్మా," అంది రాహేలమ్మ. "అడిగితే మీ అమ్మ చిన్నబుచ్చుకుంటదని అట్లాగే కుట్టించేశా. నాదీ తప్పే. నీకు ఏది నప్పితే అది కట్టుకో."

మర్యాదకు పోయి ఇద్దరు పెద్దవాళ్లు కలిసి ఎవరికీ పట్టని జాకెట్టు కుట్టించారన్నమాట.

పక్క కొట్లోనే తెల్ల క్రేపు చీర దొరికింది. మీరావలి కొలతలు తీసుకున్నాక, జెస్సీ ఆ చీరను వేసుకున్న బట్టల మీదే చుట్టుకుని నిలువుటద్దం ముందు నిలబడింది. చీర ఒంటిని అంటుకుని నేల దాకా సాఫీగా దిగింది. భుజాలు ఉన్నంత వెడల్పుగానే ఉన్నాయి, బాగున్నాయి. ఆమె తనను తాను అంతసేపు ఎన్నడూ చూసుకోలేదు.

బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ అద్దం వంక చూసి, ఆడపిల్లకు ఈ భుజాలు ఎవరి పోలికో అంది. అది మెప్పో వెటకారమో తెలియలేదు. జెస్సీ చెయ్యి తనంతట తానే పైట మీదికి వెళ్లింది.

వీరమ్మ వయసులో ఉండగా మిరప కళ్లాల్లో టిక్కీ బస్తాలు ఎత్తి లారీలకు వేసిన మనిషి. ఎంత ఎండలోనైనా పైట రెండు భుజాల చుట్టూ నిండుగా కప్పుకోనిదే గడప దాటదు. ఎందుకలా కప్పుకుంటుందో జెస్సీ ఏనాడూ అడగలేదు. ఇప్పుడు వీరమ్మ బల్ల మీంచి లేచి వచ్చి కూతురి పక్కన నిలబడింది. భుజాల చుట్టూ ఉన్న పైట తీసి నడుముకు చుట్టి దోపుకుంది.

"నా పోలికేనండి," అంది.