తాడు వేసిన తమ్ముడు

తమ్ముడు రామాంజి మీద మారెప్పకున్న కోపం చిన్నది కాదు. సొంత అన్న కొడుకు ముందర తాడు వేసిన మనిషిని ఏమనాలి?

రామాంజి మిలిటరీలో హవల్దారు. మూడేళ్లుగా భర్తీ ఆఫీసులో పని. ర్యాలీలో కుర్రవాళ్లు మైలు దూరం పరిగెత్తుకొస్తుంటే గీత దగ్గర నిలబడి, టైము అయిందని ఈల పడగానే అడ్డంగా తాడు లాగడం అతని డ్యూటీ. తాడు పడేలోగా గీత దాటినవాడు మిలిటరీకి, తాడు వెనక ఆగినవాడు ఇంటికి. పోయినేడు మారెప్ప కొడుకు శశికుమార్ ఇంకో రెండడుగులు వేస్తే గీత దాటేవాడు. అంతలో తాడు పడింది. లాగింది చిన్నాయనే.

"రెండే రెండడుగులప్పా! చెయ్యి రోంత నిదానంగా లేపింటే వాని సొమ్మేం పోయేది?" అని శింగనమల టీ అంగట్లో మారెప్ప అడగని మనిషి లేడు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాటల్లేవు.

రామాంజి సంసారం సుఖంగా ఉందా అంటే అదీ లేదు. అనంతపురంలో వాళ్లు బాడుగకుండే ఇంటికి మార్కుల లిస్టులు పట్టుకుని చుట్టాలు, చుట్టాల చుట్టాలు వస్తూనే ఉంటారు. ఒకాయన పొట్టేలును గేటుకు కట్టేసి చెప్పకుండా ఉడాయించాడు. రామాంజి దాన్ని ఆటోలో ఎక్కించుకుని ఇరవై మైళ్లు పోయి, ఆయన గేటుకే కట్టేసి వచ్చాడు. పెళ్లి బంతిలో కూర్చుంటే అతని భార్య పద్మజ విస్తరిలో పాయసం కంటే ముందు హాల్ టికెట్ పడుతుంది. ఫోన్ మోగితే కూతురు హేమ ఎత్తి, "మా నాయన ఎవర్నీ తీసుకోడు. ఉరికినోళ్లే పోతారు" అని పెట్టేస్తుంది.

వానలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఆ ముగ్గురూ శింగనమల బస్సు దిగి నేరుగా మారెప్ప చేనుకు వచ్చారు. విత్తడానికి దున్నిపెట్టిన రెండున్నర ఎకరాలు. రామాంజి టేపు పట్టుకుని గట్టు వెంబడి కొలవసాగాడు.

మారెప్ప తన భార్య వైపు తిరిగాడు. "నల్లమ్మా, ఏం కొలుస్తాండాడో అడుగు ఆయన్ని."

"వదినా, చేను చుట్టూ మూడు మీటర్ల బాట ఇడిస్తే రౌండు సరిగ్గా నాన్నూరు మీటర్లు వస్తాదని చెప్పు. నాలుగు రౌండ్లు ఉరికితే పరీక్ష దూరం. శశిగానికి వచ్చే ఏటికి వయసు దాటిపోతాది. ఇదే ఆఖరు."

"పోయినేడు తాడేసింది ఎవరో అడుగు నల్లమ్మా."

"ఈసారి ఇంకొకడు వేస్తాడు. తాడు ఆగదు వదినా, పిల్లోన్నే ఉరికించాల."

నల్లమ్మకు విసుగొచ్చింది. "మీ ఇద్దరి మధ్య నేను టపా మోయలేను! ఈ సేను పోయినేడు ఏం పండింది? కాయల్లేని శెనక్కాయ కట్టె నాలుగు మోపులు. ఈ ఏడు కొడుకన్నా పండనీ."

"ర్యాలీ అయ్యేదాకానే అని చెప్పు. ఆ పైన టాక్టరు తోలిస్తా" అన్నాడు మారెప్ప.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే పని. హేమ ఈల, తాడుకు ఒక కొన రామాంజి, రెండో కొన పద్మజ. పద్మజ మొగుడికంటే కఠినం. శశికుమార్ రొప్పుతూ వచ్చేసరికి తాడు గుంజి పట్టుకునేది. "రా రా కొడుకా, పొట్టేలు కూడా నీకంటే బాగా ఉరుకుతాది!" వాడు నవ్వలేక, ఏడవలేక మళ్లీ మొదలుపెట్టేవాడు. మారెప్ప గట్టున కూర్చుని, చూడనట్టే చూసేవాడు.

ర్యాలీ రోజు వచ్చింది. తండ్రులందరూ కంచె బయట. తీరా చూస్తే రామాంజి కూడా కంచె దగ్గరే, నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాడు. అన్న కొడుకు పరిగెత్తుతున్నాడని తనే పై అధికారికి రాసిచ్చి తాడు డ్యూటీ తప్పించుకున్నాడట. మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. శశికుమార్ బ్యాచ్ బయలుదేరింది.

"అన్నా, యాడుండాడు?"

"కండ్లు లేవా? తిరిగి చూసుకో."

"చూస్తే అరుస్తా. అరిస్తే సైగ చేసినానంటారు. నువ్వే చెప్పు."

మారెప్ప పళ్లు కొరికాడు. "యాభయ్యోవాడు."

"మంచిది. ఉండనీ."

"ఏం మంచిదిరా! రెండో రౌండు... ముప్పయ్యోవాడు."

"మూతి తెరిచినాడా మూసినాడా?"

"మూసినాడు."

"అయితే దమ్ముండాది."

"మూడో రౌండు... ఒరే రామాంజీ, ఎవడో పడినాడు! మనోడు కాదు, మనోడు కాదు. ఇరవయ్యోవాడు!" మారెప్ప ఒక చేత్తో కంచెను, రెండో చేత్తో తమ్ముడి చొక్కాను పట్టుకున్నాడు. "ఆఖరు మలుపు... తాడు లేపుతాండారు రా! ఉరుకు రా శశీ! ఉరుకు!"

ఈల పడింది. రామాంజి కళ్లు మూసుకున్నాడు.

"తాడు యాడ పడింది అన్నా?"

"వాని వెనక పడింది! పది అడుగులు వెనక!" అంటూ మారెప్ప తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచాడు. యూనిఫాంలో ఉన్న హవల్దారు డ్రమ్ములో నీళ్లు తీసి అన్న నెత్తిన పోశాడు. క్యూలో ఉన్న కుర్రవాళ్లు ఈలలేశారు.

డాక్టరు పరీక్షలు కూడా దాటి ఎండాకాలంలో శశికుమార్ ట్రైనింగుకు పోయాడు. నాలుగేళ్ల నౌకరీయే కదా అన్న వాళ్లకు నల్లమ్మ, "మీ ఇంట్లో నాలుగు నెలలదన్నా ఉండాదా?" అని జవాబిచ్చింది.

మళ్లీ విత్తే కాలం రాగానే మారెప్ప, తాను అన్న మాట ప్రకారం బాటను దున్నించడానికి ట్రాక్టరు పిలిపించాడు. డ్రైవరు ఈశ్వరప్పను వెంటబెట్టుకుని పొద్దున్నే చేనుకు పోతే బాట మీద తొమ్మిది మంది పరిగెత్తుతున్నారు. అందరికంటే ముందు పక్క వీధి రెబెకా, పోలీసు పరీక్షకట.

"పెద్దనాయనా, పక్కకు జరుగు!" అని ఆ పిల్ల దూసుకుపోయింది.

"తోలేదా, వద్దా అన్నా?" అన్నాడు ఈశ్వరప్ప.

మారెప్ప వినలేదు. "రేయ్ ఆఖరోడా! మూల కోసి దొంగ రౌండు తిరుగుతాండావు, చూడలేదనుకున్యావా? మళ్లీ మొదట్నుంచి రా!" అని కేకలేస్తున్నాడు.

బాట వదిలేసి లోపలి చేను మాత్రం దున్నించాడు. ఇప్పుడు టీ అంగట్లో ఎవరు కదిపినా తమ్ముడి మీద పితూరీ చెబుతూనే ఉంటాడు. వాని మాట విని బాట కింద పోగొట్టుకున్నది, టేపు పెట్టి తానే కొలిచిన లెక్క, ఇరవై తొమ్మిదిన్నర సెంట్లు.