దొరతో బేరానికి ఇంగ్లీషు

యుద్ధం నడుస్తున్న రోజులు. ఇబ్రహీంపట్నం పక్కనున్న గుట్టను పేల్చి, ఆ కంకరను లారీల్లో ఎక్కించి తీసుకుపోతున్నారు. విమానాలు దిగే మైదానానికని కొందరు, మిలిటరీ రోడ్డుకని కొందరు చెప్పుకునేవారు. పైన మగవాళ్లు బండలకు తూటాలు పెట్టి పేలిస్తే, కింద ఆడవాళ్లు ఆ రాళ్లను సుత్తెలతో పగలగొట్టి తట్టలకెత్తేవారు.

ఆ ఆడవాళ్లలో తాజున్నీసా ఒకతె. భర్త పోయాక ఆమె సికింద్రాబాదులో ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో చాలా ఏళ్లు ఆయాగా పనిచేసింది. యుద్ధం మొదలయ్యాక దొరసాని పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది. తాజున్నీసా ఊరికి తిరిగొచ్చి, తమ్ముడు మొహియుద్దీన్ ఇంట్లో ఉంటూ రాళ్లు కొట్టే పనికి కుదిరింది. ఆమెకు ఇంగ్లీషు వచ్చని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఇంగ్లీషుతో ఎవరికీ ఏ అవసరమూ పడలేదంతే.

లారీలకు తట్టలు మోసే ఇస్తారి కాలు విరిగిన రోజున ఆ అవసరం పడింది.

ఆ రోజు పేల్చే ముందు తప్పుకోమని ఎవరూ కేక వేయలేదు. పైన తూటా పేలింది. లారీ దగ్గర తట్ట దించుతున్న ఇస్తారి మోకాలి మీదకు గుమ్మడికాయంత రాయి ఎగిరొచ్చి పడింది. అతని భార్య బుగ్గమ్మ సుత్తె విసిరేసి పరుగెత్తింది. మిషన్ దవాఖానలో కాంపౌండరుగా పనిచేసే సీమోను వచ్చి, కాలికి కట్టెలు పెట్టి కట్టాడు.

పనివాళ్లంతా మున్షీ దగ్గరికి పోయారు. గుట్ట మీద పెత్తనం చేసే దొర ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చినవాడు. అతనికి ఇక్కడి మాట ఒక్కటీ రాదు. అందుకని కంట్రాక్టరు పట్నం నుంచి ఒక మున్షీని తెచ్చి పెట్టాడు. పనివాళ్లు చెప్పింది దొరకు, దొర చెప్పింది పనివాళ్లకు చేరాలంటే ఆ మున్షీ నోటి గుండానే పోవాలి.

"తూటా పేల్చే ముందల ఈల ఊదుమను సాబ్. మేము దూరం పోయినంకనే పేల్చాలె. గంతే," అంది బుగ్గమ్మ ఏడుస్తూ.

మున్షీ దొర వైపు తిరిగి వినయంగా వంగాడు. "దే ఆర్ ఫ్రైటెన్డ్, సర్. దే వాంట్ టు గో హోమ్."

భయపడ్డారు, ఇంటికి పోతామంటున్నారు. అంతే చెప్పాడు. ఈల మాటే ఎత్తలేదు. దొర చిరాగ్గా ఏదో అని వెళ్లిపోయాడు. మున్షీ ఇటు తిరిగి, "దొర సాబ్ ఆలోచన జేస్తా అన్నడు," అన్నాడు.

మున్షీ దొరతో అన్నదీ, తమతో అన్నదీ రెండూ తాజున్నీసాకు అర్థమయ్యాయి. అయినా సుత్తె తీసుకుని తన రాళ్ల కుప్ప దగ్గరికే పోయింది.

పని దిగాక బుగ్గమ్మకు సంగతి చెప్పింది. బుగ్గమ్మ ఆమె మొహంలోకి తేరిపారచూసింది. "మరి నువ్వు గక్కడనే ఎందుకు మాట్లాడకపోతివే?"

"నాది పిల్లలతోని మాట్లాడే ఇంగ్లీషు బుగ్గమ్మా. తిను, తాగు, పండుకో. దొరతోని 'యస్ సర్' అనుడు దప్ప ఇంకోటి అనలే ఎన్నడు."

"గా ఇంకోటి నేర్చుకో," అంది బుగ్గమ్మ. కోపంగా అనలేదు. కానీ ఆ మాట తాజున్నీసాను కూర్చోనివ్వలేదు. ఇంటికి పోయి పొయ్యి వెలిగించి, అది అంటుకోకముందే లేచింది. కొంగు కప్పుకుని సీమోను ఇంటికి నడిచింది.

సీమోను మిషన్ బడిలో చదివినవాడు. విషయమంతా విన్నాడు. దొరల జోలికి పోవడం అతనికి ఇష్టం లేదు. అయినా ఇస్తారి కాలికి కట్టింది తన చేతులే కదా.

"ఇట్లను చెల్లే. 'వుయ్ హంబ్లీ బెగ్ యు, సర్.' మర్యాదగుంటది."

"బెగ్ అంటే అడుక్కొనుడే గద అన్నా?"

"అవ్."

"అడుక్కుంటే ఇయ్యకున్నా వాళ్లకేం గాదు. ఇయ్యకుంటే ఏమైతదో చెప్పే మాట గావాలె నాకు."

సీమోను రెండు మూడు వాక్యాలు అల్లాడు. అవన్నీ పొడుగ్గా ఉన్నాయి. తాజున్నీసా నాలుక సగంలోనే తడబడేది. విసిగిపోయి అటూ ఇటూ తిరిగింది. అలా తిరుగుతూ ఒక్కసారిగా ఆగి, "పిలగాడు పాలు దాగనని మొండికేస్తే నేనొకటంటుంటి. 'నాట్ అన్‌టిల్ యు ఫినిష్ యువర్ మిల్క్.' పాలయ్యేదాకా బొమ్మ లేదు అని. గది నడుస్తదా?" అంది.

సీమోను నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "నాట్ అన్‌టిల్ ద విజిల్. ఈల ఊదేదాకా పని లేదు. గిదే చెల్లే, గిదే గావాలె!"

ఆ తర్వాత అతనే ఇంకో రెండు మాటలు నేర్పాడు. "దొర ఏమన్నా గట్టిగంటే 'ఐ అండర్‌స్టాండ్, సర్, బట్' అను. నీ మాట సమజైంది, ఒప్పుకున్నట్టు గాదు అని. తొందర జేస్తే 'లెట్ మీ ఆస్క్ దెమ్' అను, వాళ్లనడిగి చెప్త అని. ఒక్కదానివే ఏదీ ఒప్పుకోకు. ఇంకోటి, మున్షీ అబద్ధమాడిండని మాత్రం దొర ముంగల అనకు."

"అబద్ధమే గదా ఆడింది?"

"ఆడిండు. గాయన పరువు దీస్తే రేపటి నుంచి నీ మాట ఒక్కటి ముందలికి పోనియ్యడు. గాయన మీద కంట్రాక్టరు ఉన్నడు. గాయన భయం గాయనది."

తెల్లవారి రొట్టెలు కాలుస్తూ తాజున్నీసా ఆ మాటలే సణుగుతోంది. ఒక రొట్టె మాడిపోయింది. మొహియుద్దీన్ గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏందక్కా గా సణుగుడు? దొరలతోని మనకెందుకు? ఊరుకో జర."

"ఊరుకుంటనే ఉన్న గదరా ఇన్నేండ్లు," అని ఆమె బయటికొచ్చేసింది.

గుట్ట దగ్గర ఆ పొద్దు, అందరూ ముందే అనుకున్నట్టు, ఒక్క సుత్తె కూడా లేవలేదు. ఆడవాళ్లంతా రాళ్ల కుప్పల మీద కూర్చున్నారు. మగవాళ్లు కూడా ఒక్కొక్కరే దిగొచ్చి వెనక నిలబడ్డారు. ఇస్తారి కట్టు మార్చి వస్తున్న సీమోను వాళ్లలో కలిసి నిలబడ్డాడు. దొర గుర్రం దిగి గబగబా వచ్చాడు. మున్షీ అతనికంటే ముందే పరుగెత్తుకొచ్చాడు.

"వాట్ ఈజ్ దిస్?" అన్నాడు దొర.

మున్షీ ఏదో మొదలుపెట్టబోయాడు. తాజున్నీసా లేచింది. కొంగు చివర పిడికిట్లో నలిగిపోతోంది.

"సర్. నాట్ అన్‌టిల్ ద విజిల్. ఫస్ట్ విజిల్. వుయ్ గో ఫార్. దెన్ బ్లాస్ట్."

దొర నిలబడిపోయాడు. పిల్లాడిని గదిమే ఆ గొంతు అతనికి ఎక్కడో విన్నట్టనిపించిందో ఏమో, ఒక క్షణం మొహం ఎర్రబడింది. తర్వాత గడగడా మాట్లాడాడు. ఆమెకు అందులో యుద్ధం, టైము అన్న మాటలే చిక్కాయి. ఎన్నో ఏళ్ల అలవాటుగా 'యస్ సర్' పెదవి దాకా వచ్చింది. పళ్లు బిగించింది.

"ఐ అండర్‌స్టాండ్, సర్. బట్ నాట్ అన్‌టిల్ ద విజిల్."

దొర ఇంకేదో అడిగాడు. ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. వెనక్కి చూసింది. సీమోను గొంతు సవరించుకున్నాడు. "ట్వైస్ ఎ డే, సర్. నూన్ అండ్ ఈవినింగ్," అన్నాడు. రోజుకు ఎన్నిసార్లు పేల్చనిస్తారని దొర అడిగాడు. రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి, పని దిగాక ఒకసారి అని సీమోను జవాబు.

దొర మెల్లగా మున్షీ వైపు తిరిగాడు. నిన్న వీళ్లు అడిగింది ఇదేనా అని అడిగాడు. మున్షీ చేతిలోని గొడుగు కిందపడింది. తాజున్నీసా ఆ గొడుగును చూసింది. నిజం చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. సీమోను చెప్పింది గుర్తొచ్చింది.

"మచ్ నాయిస్, సర్," అంది. "మే బీ హి డిడ్ నాట్ హియర్."

చప్పుడులో వినబడలేదేమో. మున్షీ వంగి గొడుగు తీసుకున్నాడు. లేచేటప్పుడు ఆమె వైపు చూడలేకపోయాడు.

దొర ఒప్పుకున్నాడు. రెండుసార్లు మాత్రమే పేలుస్తారు, ఎర్ర జెండా ఎత్తుతారు, ఈల ఊదుతారు. తాజున్నీసా, "ప్లీజ్ టెల్ ఆల్, సర్," అని అక్కడే నిలబడింది. మున్షీ ఆ మాటలన్నీ ఈసారి తెలుగులో పొల్లుపోకుండా అందరికీ వినిపించాడు. ఆమె ఒక్కో మాటా దొర మాటతో సరిచూసుకుంటూ విన్నది.

అక్కడితో అయిపోతుందనుకుంది. దొర పోతూ పోతూ ఆగి ఆమెను పిలిచాడు. వచ్చే నెల తన భార్యాబిడ్డలు వస్తున్నారట. రాళ్లు కొట్టే పని మానేసి బంగళాలో ఆయాగా ఉండమన్నాడు. నీడపట్టున పని, వేళకు తిండి. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. వేళ్లన్నీ పగిలి ఉన్నాయి.

"లెట్ మీ ఆస్క్ దెమ్, సర్."

బుగ్గమ్మ విని, "పోవే తాజూ. ఈ ఎండల ఎందుకు సస్తవ్?" అంది. అంటూనే తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడమే తాజున్నీసా మనసులో ముల్లులా దిగింది. పోతే గుట్ట మీద మళ్లీ మున్షీ నోరొక్కటే మిగులుతుంది. పోకపోతే ఈ సుత్తె, ఈ దుమ్ము. తమ్ముడు పొమ్మన్నాడు. ఆమె తినేటప్పుడు లేచేది, పడుకోబోయి లేచేది. గుట్ట మీద ఈల మోగిన ప్రతిసారీ, అందరూ దూరం పోయారో లేదో అని కళ్లతో వెతుక్కునేది.

చివరికి ఒక పొద్దున దొర ఎదురుగా పోయి నిలబడింది. బంగళాకు రానంది. గుట్ట మీదే పని చేస్తానని, పనివాళ్ల మాట చెప్పాల్సొచ్చినప్పుడు పిలవమని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. "వన్ థింగ్, సర్. ఇస్తారి కెనాట్ క్యారీ. లెట్ హిమ్ బ్లో ద విజిల్."

బరువు మోయలేనివాడికి ఈల పని ఇవ్వమని ఆమె అడిగింది. దొర నొసలు ముడిచాడు. తర్వాత భుజాలెగరేసి సరేనన్నాడు. ఇస్తారి కర్ర ఊతంతో వచ్చి బండ మీద కూర్చున్నాడు.

వానలకు ముందు, ఒక మధ్యాహ్నం, మున్షీ గొడుగు పట్టుకుని ఆడవాళ్లు కూర్చున్న చోటికి వచ్చాడు. ఎప్పుడూ ఇటు రానివాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"తాజున్నీసా బీ, వానలొచ్చేలోపల పని ఖతం గావాలె అంటున్నడు దొర. రేపటి సంది నాలుగుసార్లు పేల్చమని నాతోని అన్నడు ఇప్పుడే. నేను చెప్పిన్నని దొరకు తెల్వనియ్యకు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధం కనిపించలేదు. నాలుగుసార్లంటే ఏం చెప్పాలి? ఎట్ల చెప్పాలి? నేర్చుకున్న మాటల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ తోచలేదు.

"సీమోనన్న యాడున్నడు?" అంది.

"దవాఖానల," అంది బుగ్గమ్మ లేస్తూ. "నడువ్. తొవ్వల ఆలోచన జేద్దాం."

తాజున్నీసా సుత్తె పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, ఎండలోకి గబగబా నడిచింది.