తిరగబడిన తీగ

నేను ఒక స్కానర్‌ని. వ్యాపారంలో దిగిననాడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక గాజు పలక, దాని కింద అటూ ఇటూ నడిచే కన్ను, మూతలో ఒక దీపం. ఆ మూతలో దీపమే నా గొప్ప. కాగితాలు చదివే యంత్రాలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి; ఫిలిం నెగెటివ్ గుండా వెలుగు పంపి చదివేవి తక్కువ. అరుదైన సరుకున్నవాడికి బేరం దానంతటదే నడిచి వస్తుందనుకున్నాను. కొన్నాళ్లు వచ్చింది.

సముద్రం దాటి వచ్చి బెజవాడలో ఒక ఫొటో స్టూడియోలో దిగాను. జనం పాత నెగెటివ్‌లు పట్టుకొచ్చి, పోయినవాళ్ల బొమ్మలు పెద్దవి చేయించుకునేవారు. బతికుండగా ఎండలో తిరిగి నల్లబడ్డ పెద్దాయన పోయాక కాస్త తెల్లగా కావలసివచ్చేవాడు. ఆ తెలుపు స్టూడియోవాడు కలిపేవాడు. నా తూకంలో కల్తీ లేదు. ఫిలిం కెమెరాలు మూలపడ్డాక నన్ను గోడవారకు జరిపి, నా మీద టీ గ్లాసులు పెట్టారు.

అక్కడినుంచి నన్ను బందరు తెచ్చింది కస్తూరి. బ్యాంకులో ఉద్యోగం, సెలవొస్తే మెడలో ఫిలిం కెమెరా. అందరూ ఫోనుతో ఒక్క పూటలో వందలు తీసి పారేస్తుంటే, ఈవిడ ఒక్క రీలు నెలంతా పొదుపుగా తీస్తుంది. బాత్‌రూంలో మందు కలిపి కడుగుతుంది, తాడుకు క్లిప్పు పెట్టి ఆరేస్తుంది, అప్పుడు నా దగ్గరికి తెస్తుంది. మనుషులకు సులువు చేతికొచ్చాక కష్టం ముద్దొస్తుంది. నాకేం, దానివల్లే నాకు మళ్లీ బేరం దొరికింది.

ఒక ఆదివారం పెడన నుంచి ఆమె బాబాయి భద్రయ్య వచ్చాడు. ఆయనది కలంకారీ అద్దకం షెడ్డు. చెక్క అచ్చును రంగులో ముంచి దుప్పట్ల మీద అద్దుతారు. ఆ షెడ్డుకు పేరు తెచ్చిన తీగ అంచు అచ్చు చెదపట్టి పొడైపోయింది. దుప్పటి మూలల్లో ఆ తీగను మలుపు తిప్పే చిన్న అచ్చు ఒక్కటే మిగిలింది. హైదరాబాదులో ఎప్పటినుంచో సరుకు కొనే కొట్టాయన అదే అంచుతో దుప్పట్లు అడిగాడు. ఇస్తే షెడ్డు నిలుస్తుంది. లేకపోతే బల్లలు తీసేసి గోడౌనుకు అద్దెకివ్వడమే. ఆ అంచున్న గుడ్డ ఇంట్లో ఒక్కటీ లేదు. అమ్మేవాడు తనకు ఉంచుకోడు, అది లోకరీతి.

కాలేజీ రోజుల్లో కాలువ గట్టున ఆరేసిన దుప్పట్లను కస్తూరి దగ్గరగా ఫొటో తీసింది. ట్రంకుపెట్టెలోంచి ఆ నెగెటివ్ ముక్క తీసి, దుమ్ము ఊది, నా గాజు మీద పరిచింది. ఫిలింకు రెండు ముఖాలు, ఒకటి మెరుపు, ఒకటి మసక. ఏది ఎటుండాలో ఆమెకు తెలుసు. కానీ బాబాయి భుజం మీదుగా తొంగిచూస్తూ తొందరపెట్టడంతో తిరగేసి పెట్టేసింది. అలా పెడితే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి వస్తాయి. నాకు తెలుసు. అయితే నాది కొలిచి ఇచ్చే పని, సలహా చెప్పే పని కాదు. ఫిలిం అంచునుండే అంకెలు కనబడితే ఆమే పట్టుకునేది. తెర మీద బొమ్మ వరకే ఉంచి వాటిని ముందే కత్తిరించేసింది.

తెర మీద తీగ కనిపించగానే భద్రయ్య దాని వెంట వేలు నడిపించాడు.

“సరిగ్గా చూడు బాబాయ్. ఇదేనా?”

“ఇదేనమ్మా. కళ్లు మూసుకున్నా ఇట్టాగే కనపడుద్ది.”

అచ్చు చెక్కేవాడు ఆ బొమ్మను వాళ్ల పద్ధతి ప్రకారం కాగితం తిరగేసి టేకు చెక్క మీద అంటించి చెక్కాడు. అచ్చులో తిరగబడి ఉంటేనే గుడ్డ మీద తిన్నగా పడుతుంది. వాడి పని వాడు సరిగ్గానే చేశాడు.

భద్రయ్య మొదటి గుడ్డ తెచ్చి నా మూత మీదే పరిచాడు. అంచు తీగ ఒక దిక్కు నుంచి, పాత మూల తీగ ఇంకో దిక్కు నుంచి వచ్చి, ఇరుకు సందులో ఎదురుపడ్డ గేదెల్లా మూతులు ఆనించుకుని ఆగిపోయాయి. ఆయన చెక్కినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. కస్తూరికి అనుమానం వచ్చి నెగెటివ్ మళ్లీ తీసి చూసింది.

“ఆయన్నేం అనకు. ఫిలిం నేనే తిరగేసి పెట్టాను. మరి నువ్వు ఇదేనన్నావుగా?”

భద్రయ్య గుడ్డను తన వైపు లాక్కున్నాడు. “అన్నాను. ముప్పయ్యేళ్లు అచ్చు మొహం చూసి బతికినోణ్ణి. అందులో ఎప్పుడూ తిరగబడే గదా ఉండేది, నాకదే తిన్నగా కనపడింది. గుడ్డ మొహం చూసేది కొన్నోళ్లమ్మా.”

కస్తూరి అంచు అచ్చు మళ్లీ చెక్కిద్దామంది. దానికి గడువు చాలదు. ఆయన మూలను గోటితో కొలిచాడు.

“పొడుగుదాని జోలికెందుకు? పొట్టిదాన్ని దీని దారికి తిప్పుకుంటే పోద్ది.”

అలాగే మూల అచ్చు ఒక్కటి కొత్తగా చెక్కించాడు. అద్దే ముందు కొట్టాయనకు ఫోన్‌లో దాచకుండా చెప్పాడు, తీగ పాతదే గాని నడక ఎదురు నడకని. కొట్టాయన ఫొటో తెప్పించుకుని చూసి, అయితే కొత్త రకమని చెప్పి అమ్ముకుంటాలే, పంపించమన్నాడు.

తర్వాత కస్తూరి నెగెటివ్‌ను సరిగ్గా పెట్టి మరోసారి నాచేత చదివించింది. అసలు అంచు ఇప్పుడు కంప్యూటర్‌లో భద్రంగా ఉంది. భద్రయ్య ఇంతవరకూ అడగలేదు.

లెక్క చూసుకుంటే పాత అంచు రాలేదు, మిగిలిన పాత మూల కూడా అటకెక్కింది. దానికి బదులు ఎవరూ గీయని తీగ ఒకటి లోకంలోకి వచ్చింది. నా గాజు మీద భద్రయ్య రంగు వేలిముద్ర ఒకటి పడింది, దాన్నీ కస్తూరి తుడిచేసింది. పెడనలో బల్లలు ఉన్నచోటనే ఉన్నాయి. నికర నిల్వ అదే.