పన్నెండు కిలోల సాక్షి

నేను ఒక ఇనప గుండుని. బరువు పన్నెండు కిలోలు, నెత్తిన ఒక పిడి. జిమ్ముల్లో నన్ను కెటిల్‌బెల్ అనేవారు. విజయనగరం ఆడవాళ్ల చేతుల్లో పడ్డాక పిడిగుండునయ్యాను. ఒకావిడ బతుకుతెరువు నిలుస్తుందా, ఊడుతుందా అన్నది తేలిన శుక్రవారం నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అందుకే నోరు విప్పుతున్నాను. లేకపోతే ఇనుముకి ఆత్మకథ ఎందుకు?

పంజాబులో ఒక పోతపని కార్ఖానాలో పుట్టాను. ఎర్రగా కరిగి, ఇసక అచ్చులో పడి, నల్లరంగు పూయించుకుని లారీ ఎక్కాను. విశాఖపట్నంలో ఒక జిమ్ములో దించారు. నాలుగు గోడలకీ అద్దాలే. కుర్రాళ్లు నన్ను మూడుసార్లు ఎత్తి ముప్పై ఫొటోలు దిగేవారు. ఒకడు పెళ్లికి ముందు నెలంతా నన్ను వదల్లేదు, పెళ్లయ్యాక మళ్లీ కనపడలేదు. ఆడవాళ్లొస్తే ట్రైనరు కిలో డంబెల్స్ అందించి "మీకివి చాలు మేడమ్" అనేవాడు. ఆ మేడమ్‌లలో ఒకావిడ పదిహేను కిలోల పిల్లాడిని చంకనేసుకుని మెట్లెక్కి వచ్చేది. ఆ బరువు ఎవరి లెక్కలోకీ రాలేదు.

జిమ్ము మూతపడింది. పాత సామాన్ల కొట్లో పడి ఉన్న నన్ను కరుణ టీచరు ఏరుకున్నారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామం నేర్పి రిటైరయ్యారు. విజయనగరంలో తన మేడ మీద పొద్దున్నే వీధి ఆడవాళ్లకి కసరత్తు నేర్పేవారు. నేను చేరిన రోజు అందరూ నైటీల మీద చున్నీలు వేసుకుని వచ్చారు. నన్ను చూసి నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఓలమ్మో! ఇదెత్తితే గర్బసంచి జారిపోద్ది" అంది ఒకావిడ.

"మగోళ్లలాగ కండలొచ్చెత్తాయి" అంది ఇంకొకావిడ.

"కండలంత సులువుగా వస్తే మీ ఆయనకి ఇన్నేళ్లుగా ఎందుకు రాలేదే?" అన్నారు టీచరు.

నవ్వులు. ఆ నవ్వుల్లో కలవని మనిషి ఒక్కతే, సన్యాసమ్మ. వయసు నలభై నాలుగు. ఇంట్లో పెద్ద గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసె పిండి అమ్ముతుంది. ఆమె మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. గ్రైండరు కడగాలంటే లోపలి రాయిని రోజూ బయటికి తియ్యాలి. పద్దెనిమిది కిలోలు, పిండితో జారుడు, పట్టుకోడానికి పిడి లేదు. ఒకరోజు వంగి లాగిందో లేదో, నడుం పట్టేసింది. అప్పటినుంచీ మరిది రామునాయుడు వచ్చి రాయి తీస్తే పని, రాకపోతే లేదు. అతను నిద్రలేచేసరికి కొనేవాళ్లు పక్కవీధికి పోయేవారు.

"ఆషాడం ఎల్లేదాకా చూత్తాను వదినా. అప్పటికీ నీ వల్ల కాకపోతే గ్రైండరు మా ఇంటికి అట్టుకెల్లిపోతాను. నాను రుబ్బుతాను, నువ్వు ఇంటింటికీ అమ్ము" అన్నాడట.

అంటే రెండు నెలల గడువు. "ఎముకలు బాగానే ఉన్నాయి, నడుంలో బలం లేదు, మెల్లగా బరువులు మొదలుపెట్టు" అని డాక్టరు చెప్పాడు కాబట్టే మేడ ఎక్కింది.

రాగానే నా మీదికి దూకింది. కాళ్లు నిటారుగా, వీపు విల్లులా వంచి లాగబోయింది.

"వదులు!" అని అరిచారు టీచరు. "నడుం పట్టేసింది ఇలాగే కదూ?"

మొదటి రెండు వారాలు నన్ను ముట్టనివ్వలేదు. సన్యాసమ్మ వీపుకి చీపురుకర్ర ఆనించి, తల నుంచి నడుం కింది దాకా అది కదలకుండా వంగమన్నారు. ఎంతకీ కుదరలేదు.

"చేతుల నిండా చీరలున్నాయి. బీరువా తలుపు ఎలా మూస్తావు?"

"ఎనకాలతోటి" అంది సన్యాసమ్మ, సిగ్గుపడుతూ.

"మూయి!"

ఆమె పిరుదులు వెనక్కి నెట్టింది. వీపు గీత గీసినట్టు నిలిచింది. ఆ తర్వాత పీట మీద కూర్చుని లేవడం, నీళ్ల సీసాలు, చివరికి నేను. రోజూ ఎత్తుతానని మొండికేస్తే, "ఒకరోజు ఎత్తు, ఒకరోజు ఊరుకో. పులవడానికి పిండికి టైమివ్వవూ? కండకీ అంతే" అన్నారు. ఆ మాట ఆమెకి చటుక్కున ఎక్కింది. ఆఖరి వారం నన్ను బుట్టలో పెట్టి, తువ్వాలు కప్పి ఇంటికి తీసుకెళ్లింది.

శ్రావణం మొదటి శుక్రవారం. వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. రామునాయుడు తాడు చుట్ట పట్టుకుని లోపలికొచ్చాడు.

"తాడు కట్టీమంతావా వదినా?"

"ఒకపాలి ఆగు మరిదీ."

రాయి మీద చేతులు వేసి లేపింది. సగం లేచింది. జారింది. ధనామని గ్రైండరులో పడ్డ ఆ చప్పుడికి, నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

"సెప్పేనా!" అన్నాడు మరిది, తాడు విప్పుతూ.

ఆమె చేతులు తుడుచుకుంది. పొడిబట్టతో రాయినీ తుడిచింది. ఇంకొంచెం దగ్గరికి జరిగింది. పిరుదులు వెనక్కి. ఊపిరి. రాయిని పొట్టకి హత్తుకుని లేచి నిలబడింది! రెండడుగులు నడిచి కడిగే తొట్టెలో దించింది.

"ఒక్కనాడెత్తితే సరా? రోజూ ఎత్తగలవేటి?"

ఆమె గ్రైండరు కడిగింది. రాయి కడిగింది. మళ్లీ ఎత్తి లోపల పెట్టి, నానిన మినప్పప్పు పోసి స్విచ్చి వేసింది. ఆ మోతలో రామునాయుడు ఇంకా ఏదో అన్నాడు గానీ ఎవరికీ వినపడలేదు.

"మరి నానెల్లిపోవాలా?" అని ఆటో ఆయన గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఉత్తి చేతుల్తో ఎందుకు బాబూ? గంటాగితే పిండి పట్టుకెల్దువుగాని" అంది సన్యాసమ్మ.

ఇప్పుడు మళ్లీ కరుణ టీచరు మేడ మీదే ఉన్నాను. మొన్న టీచరు పదహారు కిలోల గుండు ఒకటి తెచ్చారు. సన్యాసమ్మ తిన్నగా దాని దగ్గరికే వెళ్లింది. వెళుతూ వెళుతూ నన్ను ఒంటిచేత్తో ఎత్తి, అటూ ఇటూ ఊపి, పక్కన పెట్టేసింది.

"టీచరుగారూ, ఇదేటి, తేలికైపోయింది?" అంది.

మనుషుల మాటలు పట్టించుకోకూడదని తెలుసు. అయినా ఇది మాత్రం చెప్పాలి: నేను ఒక్క గ్రాము కూడా తగ్గలేదు.